పురుగుల మేష్టారు

తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ రైలుబండిపై నిరంతరము సంచరించు జనులలో ధాన్యపు బేరగాండ్రను, కోర్టుపక్షులను, నాటకములవారిని, పెండ్లిళ్ళ పేరయ్యలను లోకము చూచినంతనే గుర్తుపట్టును; కాని చేత పొడుగుపిడి వలయు, భుజమున సంచియు, సంచిలో దూదియు గాజుసీసాలును, జేబునిండ సన్నని సూదులును ధరించి, నలుగురు కూర్చుండి రాజకీయములు మాటలాడుకొనుచోట తాను మాత్రము ఎదుటివాని చొక్కా కాలరుమీది పెంకుపురుగును తదేకధ్యానముతో చూచుచు నిలుచుండు పెద్దమనిషి ఎవడో నిర్ణయింపజాలక, కొందఱు పిట్టలు పట్టువాడనియు, కొందఱు మలేరియా ఉద్యోగి యనియు, దయగల మఱికొందఱు "పాపం, బాగా చదువుకున్నాయనేనటండీ" అనియు సరిపెట్టుకొందురు. ఈతనినే మనవారు పురుగుల మేష్టారందురు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన నాటినుండి ఈ జాతికి మన డెల్టాలో తిండికిని, గౌరవమునకును లోటు లేదు. ఉద్యోగకాలమున కొంత యణగియుండి, పింఛను పుచ్చుకొనిన మఱునాటినుండి ఈతడు పూర్తిగా రెక్కలు విప్పును.

ఈతని సిద్ధాంత మొక్కటియే: పురుగు ముఖ్యము కాదు, చీటీ ముఖ్యము. సూదికి గ్రుచ్చిన పురుగు క్రింద, అంగుళము పొడవైనను లేని కాగితపుముక్కపై ఏ యూరు, ఏ తేది, ఏ మొక్కపై, ఎవరు పట్టిరి అను నాలుగు సంగతులు చెఱగని సిరాతో వ్రాసియున్నచో అది శాస్త్రము. లేనిచో వట్టి చచ్చిన పురుగు. ఈ దేశమున ఏ ప్రాణి ఎక్కడ నున్నదో లెక్క వ్రాయుటకు 1916 జూలై 1న కలకత్తాలో భారత జంతు సర్వేక్షణ సంస్థ పుట్టినది. ఆ సంస్థ 2024 జూన్ 30న వెలువరించిన పట్టికలలో 1,04,561 జాతుల పేర్లున్నవనియు, వానిలో పెద్దవాటా కీటకములదే యనియు పత్రికలో చదివిననాడు మేష్టారు కాఫీ చల్లారిపోవుట గమనింపలేదు. "అందులో మన వంటింట్లోవి ఎన్నండీ?" అని ఇల్లాలు ఎత్తిపొడిచినది. ఎత్తిపొడుపును ప్రశ్నగా గ్రహించుట ఈ జాతి లక్షణము గనుక, ఆ రాత్రియే జనాభా లెక్కలు మొదలైనవి: బియ్యపుడబ్బాలో ముక్కుపురుగు, గోధుమలలో నుసిపురుగు, పెసలలో పుచ్చుపురుగు. మూడింటికిని "తెనాలి, వంటగది" అని చీటీలు వ్రాసి, 'పట్టినవారు' అనుచోట ఇల్లాలి పేరు వేసెను. అది మహాగౌరవమని ఈతని యుద్దేశము. ఆమె అట్లు భావింపలేదు.

పూర్వులయందు ఈతనికి భక్తియు గలదు, కోపమును గలదు. లిన్నేయసు శిష్యుడైన కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చి, రోగులకంటె చెట్లను పురుగులనే యెక్కువగా పరామర్శించి, తుదకు 1785లో మన కాకినాడ చెంత జగన్నాథపురమున కన్నుమూసెనని చెప్పునపుడు మేష్టారి కన్నులు చెమ్మగిల్లును. ఆ మహానుభావుడు పట్టిన పురుగులకు ఫాబ్రీషియస్ అను దొర పేర్లు పెట్టి, నివాసమనుచోట 'తూర్పు ఇండియా' అని మాత్రము వ్రాసి చేతులు దులుపుకొనెనని చెప్పువఱకు ఆ చెమ్మ ఆఱిపోవును. "ఇండియా అంటే ఎక్కడండీ? తెనాలా, తిరువనంతపురమా? పురుగు దేశమంతా పరుచుకుని పడుకుంటుందా?" అని, రెండువందల యేండ్ల నాటి దొరను ఎదుట నిలువబెట్టినట్లు గద్దించును.

ఇట్టివానికి ప్రభుత్వమువారు చేసిన యుపద్రవము సామాన్యమైనది కాదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా యేర్పడుటతో రేపల్లె పురుగులన్నియు, రెక్కలున్నవియు లేనివియు, ఇంకను గ్రుడ్డులోనే యున్నవియు, ఒక్క రాత్రిలో గుంటూరు జిల్లాను విడిచిపోయినవి. తెనాలివి మాత్రము కదలలేదు. పాతచీటీ చింపరాదు, దిద్దరాదు, క్రిందుగా మఱియొకటి చేర్పవలెనన్నది శాస్త్రనియమము. 1904లో గుంటూరు జిల్లా మరల నేర్పడకమునుపు ఈ సీమయంతయు కృష్ణా జిల్లాలోనిదే గనుక, ఆ కాలపు రేపల్లె పురుగు ఏదైన దొరికినచో దానికి మూడు చీటీలు పట్టును. పురుగు మిరియపుగింజంత, దాని దస్తావేజులు మునసబుకోర్టులో భూమితగాదాకు సరిపోవునంత.

నాటకముల తెనాలిలో మిద్దెపై తెల్లదుప్పటి కట్టి దాని ముందు పెద్దబల్బు వెలిగించుట యెంతటి సాహసమో ఈతనికి దీపావళినాళ్ళలో తెలిసివచ్చెను. వీధిపిల్లలు చాపలతో సహా వచ్చి కూర్చుండిరి. "ఆట ఎప్పుడండీ?" అనిరి. "మొదలైంది, చూడండిరా," అని మేష్టారు దుప్పటిపై వ్రాలుచున్న పచ్చదోమలను, వరికాండము తొలుచు పురుగు రెక్కల తల్లులను, చివర దబ్బున పడిన పేడపురుగును పాత్రోచితముగా పరిచయము చేసెను. అరగంటలో ప్రేక్షకులు చెదిరిపోయిరి. ఒక కుఱ్ఱడు మాత్రము రెండవ ఆటకును నిలిచెను. ఆతని తల్లిదండ్రులకు నా సానుభూతి.

పండితులతో ఈతని తగవు వేఱు. కార్తికమాసమున నొక పురాణకాలక్షేపమున శాస్త్రులవారు భ్రమరకీటకన్యాయము నెత్తుకొని, తుమ్మెద యొక పురుగును తెచ్చి మట్టిగూటిలో నుంచి చుట్టును ఝంకారము సేయగా, ఆ పురుగు భయముచేత తుమ్మెదనే ధ్యానించి ధ్యానించి తానే తుమ్మెదయై వెడలునట్లు, జీవుడు బ్రహ్మమును ధ్యానించి బ్రహ్మమే యగునని గానయుక్తముగా చెప్పుచుండ, సభ తన్మయమై యున్న తరుణమున మేష్టారు లేచి చేతులు జోడించెను.

"శాస్త్రులుగారూ, చిన్న మనవి. అది తుమ్మెద కాదండీ, కందిరీగ. పురుగును కుట్టి, చావకుండా కదలకుండా చేసి, గూట్లో పెట్టి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి బయటికొస్తుంది. లోపలికి పోయినవాడూ బయటికొచ్చినవాడూ ఒకడు కాడండీ."

సభ నిర్విణ్ణమైనది. ముందువరుసలోని ముసలమ్మ "అయితే మోక్షం మాటేమిటి నాయనా?" అని దీనముగా నడిగినది. శాస్త్రులవారు మాత్రము చలింపలేదు; ఉత్తరీయము సవరించుకొని, "నాయనా, ఆ పిల్లకు ఒళ్ళెక్కడిది? తిన్న పురుగుదే గదా! మరి పురుగు కందిరీగ అయినట్టా, కానట్టా?" అనిరి. మండపమంతయు చప్పట్లు. ఈ వాదమున శాస్త్రులవారే గెలిచిరని నా యభిప్రాయము. మేష్టారికి గెలుపోటముల యందాసక్తి లేదు. "అయిందండీ, ఒప్పుకున్నాను. ఆ గూడు మాత్రం మీరెక్కడ చూశారు?" అనెను. శాస్త్రులవారు ఆలోచింపక మండపపు దూలమువైపు వ్రేలు చూపిరి. పురాణము ముగియులోపల మేష్టారు నిచ్చెన తెప్పించెను.

ఈతనిని కేవలము వెఱ్ఱివానిగా తీసివేయుటకు వీలు లేదు. బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలయైన సాంబమసూరి, రైతుల నోట బీపీటీ, అన్నముగా నెంత మెత్తనిదో సుడిదోమ యెదుట పంటగాను అంత మెత్తనిది. రేపల్లె చేరువ రైతొకడు వరిదుబ్బు పెఱికి తెచ్చి, "మేష్టారూ, చేను సుడులు సుడులుగా ఎండిపోతోందండీ, ఏం కొట్టమంటారు?" అని యేడుపుమొగముతో నిలుచుండగా, ఈతడు దుబ్బు విప్పి చూచి "ఆహా!" అని గంతువేసెను. రైతు తన చేనికి మంచిరోజులు వచ్చినవనుకొనెను. "మిరిడ్ నల్లులయ్యా! ఎంత పచ్చగా ఉన్నాయో చూడు! ఏ ఊరి చేను? ఎన్నింటికి పీకావు? గట్టు పక్కనా, నడిమధ్యనా?" ఇన్నింటికిని జవాబులు చెప్పి, చెమట తుడుచుకొని, రైతు మరల మందు పేరడిగెను. అప్పటికి మేష్టారు లోకమునకు దిగివచ్చి, "ముందు నీళ్ళు తీసెయ్. రెండు మీటర్లకొకటి పాయలు తియ్యి, దుబ్బుల మొదట్లోకి గాలీ వెలుతురూ పోవాలి. దోమ గుడ్లు తినేవి ఈ నల్లులే. కనబడ్డ మందల్లా కొట్టావా, ఇవి చస్తాయి, దోమ మిగులుతుంది. అప్పటికీ తగ్గకపోతే రా, చెబుతాను," అనెను. ఆ మాట విని బాగుపడినవారు లేకపోలేదు. కాని మందులకొట్టు తెనాలిలోను గలదు, రేపల్లెలోను గలదు, అచ్చట ఎవ్వడును ఎన్నింటికి పీకితివని యడుగడు.

ఈ జాతి నిజస్వరూపము చూడవలెనన్న సాయంకాలపు రేపల్లె బండి యెక్కవలెను. తెనాలి విడిచి వేమూరు దాటిన పిమ్మట, దీపములు వెలిగిన పెట్టెలో నిద్రించుచున్న యొక పెద్దమనిషి బట్టతలపై బూడిదవన్నె పెద్దరెక్కల పురుగొకటి వచ్చి వ్రాలెను. మేష్టారు చప్పుడు చేయక లేచి, గాజుసీసాను దానిపై బోర్లించెను. నిద్రితుడు కన్నులు తెఱచెను.

"కదలకండి బాబూ. మీరెక్కడెక్కారు?"

"వేమూరండీ. టిక్కెట్టుంది."

"ఎక్కేటప్పటికి ఇది మీ తలమీద ఉందా?"

ఈ ప్రశ్న పెట్టెనంతటిని కలచివేసినది. పురుగు వేమూరులోనే యెక్కినదని కొందఱు, పెనుమర్రు పొలములనుండి కిటికీలో దూరినదని కొందఱు. తమ యూరి దీపస్తంభము చుట్టును ఇట్టివే యుండునని భట్టిప్రోలు ప్రయాణికుడొకడు ఆవేశముతో సాక్ష్యమిచ్చెను. మేష్టారు అందఱి వాంగ్మూలములను విని, "వేమూరు–భట్టిప్రోలు నడుమ, కదులు రైలు" అని వ్రాసికొని, 'ఏ మొక్కపై' అనుచోట కలమాపి, సీసా క్రింది నున్ననితలను చాలసేపు పరిశీలించి, న్యాయబుద్ధితో "మనుష్యుడు" అని పూర్తిచేసెను. బట్టతలాయన అంతవఱకు మెడ కదపక కూర్చుండి, కనుగొలకులతో ఆ వ్రాత చూచుచుండి, "అయ్యా, నా పేరు కూడా వేస్తారా?" అని యడిగి, సమాధానమునకు ఎదురుచూడకయే ఇంటిపేరుతో సహా చెప్ప మొదలిడెను.