పిడిగుద్దుకి పవర్: గ్యారంటీ చిట్కాలు

గుద్దులో దమ్ముండాలంటే ముందు అద్దం కొనుక్కోండి. నిలువుటద్దమైతే మరీ మంచిది. రోజూ దాని ముందు నిలబడి డంబెల్ ఎత్తి, బైసెప్స్ ఒక్కటే పెంచండి. బైసెప్స్ పని చెయ్యి మడవడం, చాపేది వెనకాల ఉండే ట్రైసెప్స్ అని ఎవరో ఒకరు తగులుకుంటారు. పట్టించుకోకండి. ట్రైసెప్స్ సెల్ఫీలో పడదు.

కాళ్లతో మనకి పనేం లేదు. గుద్దేది చేత్తో కదా! బాక్సింగ్ కోచ్‌లేమో గుద్దు నేలలో పుడుతుందంటారు. వెనక కాలి మునివేళ్లతో నేలని తన్నాలట, మడమ తిరగాలట, మడమతో నడుము, నడుముతో భుజం తిరిగి ఆఖర్న పిడికిలి దూసుకుపోవాలట. ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? సినిమాలో హీరో గాల్లో ఉండే గుద్దుతాడు, మీరూ ఎగిరే గుద్దండి. నేల ఇచ్చే తోపుడు నేలకే వదిలేసినట్టవుతుంది.

ఆ హీరో గుద్దితే రౌడీ పది అడుగులు ఎగిరి వెనకున్న సుమో అద్దం బద్దలు కొడతాడు. అదీ పవరంటే. గిట్టనివాళ్లు మాత్రం ఇక్కడ లెక్కలు తీస్తారు. ఫ్రాంక్ బ్రూనో అని బ్రిటన్ హెవీవెయిట్ ఒకాయన ఉన్నాడు, తర్వాత ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యాడు. ఆయన గుద్దుని కొలిచి 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చేశారు. పిడికిలి వేగం సెకనుకి 8.9 మీటర్లు, తగిలినచోట పడిన బలం 0.4 టన్ను. మెత్త చుట్టిన ఆరు కిలోల సుత్తిని అదే వేగంతో విసిరినట్టని తేల్చారు. ఆరుని 8.9తో గుణించి, వచ్చిన ఊపంతా 70 కిలోల రౌడీకి పంచండి. సెకనుకి ముప్పావు మీటరు వేగం వస్తుంది. గుళ్లో ప్రదక్షిణ చేసే వేగం! పైగా రౌడీ ఎగరాలంటే హీరోకీ అంతే ఊపు వెనక్కి తగలాలి. న్యూటన్ ఫైట్ మాస్టర్ కాకపోవడం మన అదృష్టం.

మరి అంత తక్కువ ఊపుకే మనుషులు ఎందుకు పడిపోతున్నారని అడుగుతారు. గడ్డం మీద తగిలితే తల గిర్రున తిరిగి, పుర్రెలో మెదడు కుదుపుకి లోనవుతుంది. మెడ ఇరుసుకి గడ్డం దూరంగా ఉంటుంది కాబట్టి అదే బలానికి తల ఎక్కువ వేగంగా తిరుగుతుంది. అందుకని మీరు నుదుటి మీదే గుద్దండి. గట్టి ఎముక, బాగా చప్పుడొస్తుంది. గ్లవ్స్, చేతికి చుట్టే పట్టీలు పిరికివాళ్లకి. ఉత్త చేత్తో, చిటికెనవేలి వైపు తగిలేలా గుద్దితే అక్కడి సన్న ఎముక విరుగుతుంది. వైద్యులు ఆ ఫ్రాక్చర్‌కి బాక్సర్ల పేరే పెట్టారు, అంతకన్నా గౌరవం ఏం కావాలి? 1988లో న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధిలో మిచ్ గ్రీన్ అనే బాక్సర్‌తో తగాదా పడి మైక్ టైసన్ అంతటివాడే చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఇక చెయ్యి ఎంత వెనక్కి లాగితే అంత మంచిది. భుజం దాటించి, వీపు దాకా లాగి, ఒకసారి పళ్లు కొరికి వదలండి. బ్రూనో పిడికిలి బయల్దేరి అర మీటరు దాటేసరికి సెకనులో పదో వంతే అయింది. చూసి స్పందించడానికి మనిషికి అంతకు రెట్టింపు టైం పడుతుంది. ఎంత అన్యాయం! మనం మర్యాదస్తులం, ముందే నోటీసిచ్చి గుద్దుదాం. గుద్దు మొదలయ్యేముందే ఒళ్లంతా బిగదీసుకోవడం కూడా మరవకండి. తెలిసినవాళ్లు దారంతా చెయ్యి వదులుగా ఉంచి, తగిలే క్షణంలో బిగిస్తారు. అలా చేస్తే వేగం పోదు, తగిలేటప్పుడు ఒంటి బరువూ గుద్దు వెనక నిలబడుతుంది. అంటే రెండు లాభాలు. మనకి ఒక్కటీ వద్దు.

బరువుంటేనే గుద్దు అని గట్టిగా నమ్మండి. ఆ నమ్మకం చెడకుండా ఉండాలంటే నిజామాబాద్ ఛాయలకి వెళ్లకండి. అక్కడి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. మాల్‌లో పంచింగ్ మెషిన్ మీద 900 కొట్టిన 95 కిలోల బావగారు ఈ సంగతి ఒప్పుకోరు. ఆ 900 ఏమిటో, న్యూటన్లో కిలోలో, మెషిన్ మీద రాసి ఉండదు. బావగారిని అడక్కండి.

చివరిది, అన్నిట్లోకీ ముఖ్యం. ఉన్న బలమంతా మొదటి రౌండ్లలోనే ఖర్చుపెట్టేయండి. 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ అదే చేశాడు. అప్పటికి ఆడినవి 40, గెలిచినవి 40, అందులో 37 నాకౌట్లు. మహమ్మద్ అలీ తాళ్లకి ఆనుకుని, మోచేతులు అడ్డం పెట్టుకుని ఆ గుద్దులన్నీ కాచుకున్నాడు. ఎనిమిదో రౌండ్‌లో ఫోర్‌మన్ నేల మీదున్నాడు.

ఈ చిట్కాల్లో ఆయన పాటించింది ఒక్కటే. మీరు అన్నీ పాటించండి, ఎనిమిదో రౌండ్ దాకా ఆగక్కర్లేదు.