మందు మానేయడానికి మంచి రోజులు

ఈ చిట్కాలు టీబీ క్రిమి క్షేమం కోరి రాసినవి. రోగి క్షేమం కావాలనుకునేవాళ్లు చోడవరం సర్కారు ఆసుపత్రికి వెళ్లి అక్కడ చెప్పినట్టు వినొచ్చు. పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. ఊరికే ఇచ్చేది పనిచెయ్యదని నమ్మడమే మన మొదటి చిట్కా.

రెండు వారాలు దాటి దగ్గుంటే కఫం పరీక్ష చేయించమని ఆశా అమ్మాయి చెబుతుంది. తొందరేటి? మన వైపు దగ్గుకి కారణాల కరువా? చెరకు కాలంలో బెల్లం పొయ్యి పొగ, పుష్యంలో మంచు, ఆపైన రోడ్డు మీద దుమ్ము. ఒకదాని మీద ఒకటి తోసేస్తే ఏడాది గడిచిపోతుంది. ఒళ్లు తగ్గితే పనెక్కువైందనుకోండి. సాయంత్రం పూట జ్వరం వస్తే దిష్టి తీయించండి. అప్పటికీ లొంగకపోతే మందుల షాపులో లెవోఫ్లాక్సాసిన్ అడిగి ఓ నాలుగు రోజులు మింగండి. మందులకు లొంగని టీబీకి వాడే మందు అది. దాంతో దగ్గు కాస్త నెమ్మదిస్తుంది, కఫంలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, రోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆరెంపీ ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర దొరికితే మరీ మంచిది. ఆకలేస్తుంది, హుషారొస్తుంది, క్రిమిని అదుపులో ఉంచే శక్తి మాత్రం ఒంట్లో తగ్గిపోతుంది.

మనం ఇంతగా కాచుకుంటున్న జీవి ఎక్కడుంటుందో కూడా తెలియాలి కదా. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే రక్షక కణాలుంటాయి. లోపలికొచ్చిన క్రిమిని మింగడం, ఒక సంచిలో బంధించడం, ఆమ్లమూ ఎంజైములూ ఉన్న ఇంకో సంచిని దానికి కలిపి అరిగించెయ్యడం వాటి పని. టీబీ క్రిమి ఎదురు తిరగదు, బుద్ధిగా మింగించుకుంటుంది. కానీ ఆ రెండు సంచులనూ కలవనివ్వదు. పోలీస్ స్టేషన్‌లోనే కాపురం పెట్టిన దొంగన్నమాట. ఆ కణంలోని కొవ్వునూ కొలెస్టరాల్‌నూ తింటూ నింపాదిగా బతుకుతుంది. పేగుల్లో ఉండే ఇ.కొలై అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. కొన్నయితే పెరగడమే మానేసి అలా పడుంటాయి.

ఈ బద్ధకమే దాని బలం. ఐసోనియాజిడ్ అనే మందు దెబ్బ కొట్టేది క్రిమి తన చుట్టూ గోడ కట్టుకునే పని మీద. పెరగని క్రిమికి కొత్త గోడ అవసరమే లేదు, ఇక ఆ మందు ఆపేదేమిటి? పైరజినమైడ్ ఆమ్లం ఉన్న చోటే బాగా పనిచేస్తుంది. రిఫాంపిసిన్ అప్పుడప్పుడూ కదిలేవాటిని కూడా పట్టుకుంటుంది. నాలుగో మందు ఇథాంబ్యుటాల్, ఒకవేళ ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి ఉంటే మిగతా మందులకు తోడుగా. పెరగని క్రిములే మందును తట్టుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. 2011లో లలితా రామకృష్ణన్ బృందం టీబీ క్రిమికి దగ్గరి చుట్టమైన ఓ బాక్టీరియాను జీబ్రా చేప పిల్లల్లోకి ఎక్కించి చూసింది. ఆ పిల్లల ఒళ్లు అద్దంలా ఉంటుంది, లోపల జరిగేదంతా కనబడుతుంది. మాక్రోఫేజ్‌లో కాపురం చేసిన క్రిములు పెరుగుతూ కూడా మందును ఓర్చుకోవడం నేర్చాయి. ఆ కణంలో ఉన్నప్పుడు క్రిముల్లో, లోపలికొచ్చిన మందును బయటికి తోడిపోసే పంపులు జోరందుకుంటాయి. అసలు టీబీ క్రిమిలోనూ అదే కనబడింది. జన్యువు మారి వచ్చిన మొండితనం కాదది, ఉంటున్న చోటు నేర్పిన ఓర్పు.

ఇప్పుడు ముహూర్తం సంగతి. వైద్యం ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మూడు. పొద్దున్నే పరగడుపున, బరువును బట్టి ఇన్ని మాత్రలని లెక్క. మందు మొదలెట్టిన కొద్ది రోజులకే జోరుగా పెరిగే క్రిముల్లో చాలావరకు చస్తాయి. వారాలు గడిచేసరికి జ్వరం పోతుంది, గంజి కూడా రుచిగా ఉంటుంది. ఒంటేలు నారింజ రంగులో వస్తుంది. అది రిఫాంపిసిన్ రంగేనని నర్సమ్మ ముందే చెప్పి ఉంటుంది, అయినా మీరు మాత్రం “వేడి చేసేసిందమ్మా” అనండి. రెండు నెలలకు కఫంలో క్రిమి లేదని రిపోర్టు చేతికొస్తుంది. మానెయ్యడానికి ఇంతకన్నా మంచి ఘడియ దొరకదు. మిగిలిన నాలుగు నెలల మందూ కణాల్లో నక్కినవాటి కోసమే. మీకు కనబడవు, దగ్గించవు, వాటి జోలి మీకెందుకు?

ఆ ఘడియ దాటిపోతే పండగలున్నాయి. కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాంబిక జాతరకి వెళ్తారు, వెళ్లినవాళ్లు ఊరికే రారు. సారా, మాత్రలు కలిస్తే లివర్‌కి చేటని డాక్టరుగారు హెచ్చరించారు. డాక్టరు మాట కాదనలేం కాబట్టి మాత్రలు మానెయ్యండి.

మొత్తం మానెయ్యడానికి మొహమాటమైతే నాలుగు మందుల్లో ఒక్కటే ఎంచుకుని వేసుకోవడం పాతకాలపు మేలైన పద్ధతి. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసిన ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. రోగులు మొదట చక్కగా తేరుకున్నారు, తర్వాత చాలామందిలో క్రిమి ఆ మందుకు లొంగడం మానేసింది. కోట్ల క్రిముల్లో ఒక మందుకు లొంగనివి ముందునుంచే కొన్ని ఉంటాయి. మిగతావి చస్తే రాజ్యం వాటిదే. దురదృష్టం ఏమిటంటే ఇప్పుడు మందులన్నీ ఒకే మాత్రలో కలిపేసి ఇస్తున్నారు, ఏరుకోవడానికి వీల్లేదు. ఇది మన మీద జరిగిన కుట్రే. అయినా నాలుగు మాత్రలకు రెండు మింగడం, రోజు విడిచి రోజు వేసుకోవడం మన చేతిలోనే ఉన్నాయి.

రోగి తిండికని సర్కారు నెలకు 500 రూపాయలు బ్యాంకులో వేసేది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. గుడ్లూ పప్పూ కొనకండి. ఫోన్ రీఛార్జికీ బీడీలకీ సరిపోతాయి.

ఇంట్లో మర్యాదలు కూడా మరవకండి. రోగికి కంచం వేరు, గ్లాసు వేరు పెట్టండి. క్రిమి వచ్చేది కంచం మీంచి కాదు, దగ్గినప్పుడు గాలిలోంచి. అందుకే కంచం వేరు చేసి, కిటికీలు మూసి, అదే గదిలో అందరూ పడుకోవాలి. రోగిని ఇంట్లోంచి పంపెయ్యాలనే పాత వాదం కూడా అప్పుడప్పుడు తియ్యండి. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధనలో, ఇరుకు ఇళ్లలో ఉండి మందు వాడినవాళ్లు శానటోరియంలో ఉన్నవాళ్లలాగే బాగుపడ్డారు, ఇంట్లోవాళ్లకు అదనంగా ముప్పూ రాలేదు. అయితే వాళ్లు మందు మానలేదు, మన లెక్కకు పనికిరారు.

మధ్యలో మానేసి మళ్లీ రోగం తిరగబెడితే కంగారు పడకండి. జిల్లా అనకాపల్లి అయినా పెద్ద రోగమొస్తే విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి ఉండనే ఉంది. రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో యంత్రం గంటల్లోనే చెప్పేస్తుంది. లొంగకపోతే వేరే మందులు మొదలెడతారు, గుండె సరిగా కొట్టుకుంటోందో లేదో ఈసీజీలు తీస్తూ. ఈసారి మానేస్తే తర్వాత మిగిలే మందులు ఇంకా తక్కువ.

చివరగా, ఆశా అమ్మాయి మళ్లీ వస్తుంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమంటుంది, రోగం లేదని తేలినవాళ్లకు, అందులోనూ ఐదేళ్లలోపు పిల్లలకు, ముందుజాగ్రత్త మందు వెయ్యాలంటుంది. పిల్లలు అమ్మమ్మగారింటికి వెళ్లారని చెప్పెయ్యండి. వాళ్లు పెరట్లో ఆడుకుంటున్న చప్పుడు వినబడకుండా టీవీ కాస్త గట్టిగా పెట్టండి.