నోటికి తాళం

నా తెలివితక్కువతనానికి సాక్షి ఉన్నాడు. అల్లాటప్పా సాక్షి కాదు, సాక్షి గణపతి. శ్రీశైలం వచ్చినవాళ్ళు ఆయనకు కనబడి వెళ్ళడం ఆనవాయితీ. చేతిలో కలం, పుస్తకం పెట్టుకుని అందరి హాజరూ వేస్తాడంటారు. ఆ రోజు నా పేరు పక్కన ఏం రాసుకున్నాడో నేను ఊహించగలను.

అప్పట్లో సున్నిపెంటలో బాలింతలకు కౌన్సెలింగ్ చేసేదాన్ని. శ్రీశైలం డ్యాం కట్టే రోజుల్లో వెలసిన కాలనీ అది. ఈ వీధిలో తుమ్మితే ఆ వీధిలో ‘చిరంజీవ’ అంటారు. అందుకే ఎవరేం చెప్పినా నోటుబుక్కులో రాసి, బీరువాలో పెట్టి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకునేదాన్ని. గోప్యత అంటే అంతేననుకున్నాను. మానసిక అనారోగ్యం ఉన్న ప్రతి మనిషికీ తన ఆరోగ్యం సంగతులు బయటికి పొక్కకుండా ఉండే హక్కు ఉందనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ నాకు కంఠతా వచ్చు మరి!

ఒకమ్మాయి వచ్చేది. ఆమెను ఎవరూ పోల్చుకోకుండా కొన్ని సంగతులు మార్చి చెబుతున్నాను. ఈ జాగ్రత్త అప్పుడే ఉండుంటే ఈ కథే లేదు. తొలికాన్పు. బిడ్డ నిద్రపోయినా తనకు కన్ను మూతపడదు. బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని నోరు విప్పడానికి మూడు వారాలు పట్టింది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టారు. టీకా అనో, తూకమనో చెప్పి నా దగ్గరికి వచ్చేది.

‘ఇదంతా చెప్తే బిడ్డను నా కాడ్నుంచి తీసేస్తారా మేడం?’ అని అడిగింది. చికిత్సకు చేరినా సరే, మూడేళ్ళలోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని అదే చట్టం 21వ సెక్షన్ చెబుతోందన్నాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచే వార్డే ఉందన్నాను. అప్పుడు కుదుటపడి, బాలింతల్లో దిగులును గుర్తించే ఎడిన్‌బరో ప్రశ్నావళి నింపింది. 1987లో వచ్చిన ఆ కాగితంలో 10 ప్రశ్నలు. మొదటిది నవ్వు గురించి, చివరిది తనకు తాను హాని చేసుకోవాలన్న తలంపు గురించి. అత్త పక్కన కూర్చుంటే ఏ కోడలైనా పదింటికీ ‘బాగానే ఉన్నా’ననే అంటుంది. ఈమె ఒంటరిగా కూర్చుని నిజం రాసింది. పదోదానికి మాత్రం లేదని రాసింది. అది చూసి ఊపిరి పీల్చుకుని, ‘నువ్వు చెప్పేది ఏదీ, ఎప్పుడూ, ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చేశాను.

అది మొదటి తప్పు. ప్రాణం మీదికొస్తే చెప్పక తప్పదు, చట్టమూ అందుకు వీలిచ్చింది. ఆ మెలిక మొదటి రోజే చెప్పాలి. ఇక రెండో తప్పు, ‘ఎవరికీ చెప్పను’ అన్న మాటను పదిరోజులైనా నిలబెట్టుకోలేదు.

కార్తీక సోమవారం. సాక్షి గణపతి గుడి ముందు వరుస. చంకలో బిడ్డతో ఆమె, పక్కన అత్త. నన్ను చూసి తల తిప్పుకుంది. చూడలేదేమోననుకుని నేనే దగ్గరికెళ్ళాను.

‘ఏమ్మా, ఇప్పుడు నిద్ర పడుతోందా?’

‘ఎవురే ఈమె?’ అంది అత్త.

‘టీకా కాడ ఉంటాది’ అంది కోడలు గబగబా.

అక్కడైనా ఊరుకోవచ్చు కదా! ‘టీకా కాదమ్మా, నాతో మాట్లాడ్డానికి వస్తుంది’ అని సరిదిద్దాను. సత్యహరిశ్చంద్రుడి ఆడపడుచుని!

‘మాట్లాడనీకా? ఇంట్లో మనుషులు లేరా?’ అంది అత్త. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. బిడ్డ తల మీద కొంగు సర్దుకుంది.

మరుసటి వారం రాలేదు. తప్పు దిద్దుకుందామని ఆమె ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. అత్త ఎత్తింది. ఆ ఇంటికంతా ఒకటే ఫోనని అడిగి తెలుసుకోనేలేదు. ఏం చెప్పాలో తోచక పెట్టేశాను. మూడో తప్పు. ఆమె మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఎవరొచ్చినా మొదటి రోజే మూడు మాటలు మాట్లాడుకుంటాం. ఏది దాస్తానో, ఏది దాయలేనో. ఫోన్ చేయవచ్చా, చేస్తే ఎవరు ఎత్తుతారు. బయట కనబడితే నేనుగా పలకరించను, నువ్వు పలకరిస్తే బదులిస్తాను. నోటుబుక్కు ఇంకా బీరువాలోనే ఉంది. కాకపోతే ఆ తాళం కన్నా ఈ మాటలే గట్టివని తెలిసొచ్చింది.

ఈ పనిలో ఉన్న చెల్లెళ్ళకు ఒక్క మనవి. మీ దగ్గరికొచ్చే బాలింత సంతలో ఎదురైతే, దయచేసి మీ వంకాయల బేరం మీరు చూసుకోండి.