‘ఇంకోటి లాగేస్తుంది’: టీకా తాత్పర్యం

మూలం: “రెండు లైన్లూ ఒకే బాక్సుకి ఇచ్చేయండి సార్. ఒకటి పోయినా ఇంకోటి లాగేస్తుంది.”

అవతారిక: ఒక ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో రెండోది బిగించడానికొచ్చిన కుర్రాడు, నిచ్చెన భుజానేసుకుని మెట్లు దిగుతూ పలికిన వాక్యమిది. కవిహృదయం అడిగేలోగా బండి స్టార్టయింది. వ్యాఖ్యాతకు పని పడింది.

ప్రతిపదార్థం: రెండు లైన్లూ = పెద్ద కంపెనీ ఫైబరున్నూ, వీధి కేబులాయన ఫైబరున్నూ; ఒకే బాక్సుకి = రెండు వాన్ (బయటి లైను గుచ్చే) పోర్టులున్న రూటరుకు; ఇచ్చేయండి = తీగలు గుచ్చి, తర్వాతి తిప్పలు మీరే పడండి; సార్ = ఇక నాకు ఫోన్ చేయకండి; ఒకటి పోయినా = వానకో, విరిగిన కొమ్మకో, కట్టని బిల్లుకో ఆగినా; లాగేస్తుంది = దీనికి విడిగా చర్చ కావాలి.

“బాక్సు” దగ్గరే చాలామంది పొరబడతారు. మామూలు రూటరుకు వాన్ పోర్టు ఒక్కటే. మిగిలినవి ఇంట్లోకి పంచేవి. రెండో కంపెనీ డబ్బా తీగను వాటిలో గుచ్చితే చిరునామాలు పంచే పెద్దలు ఇద్దరవుతారు. టీవీ ఒకరి మాట వింటుంది, ల్యాప్‌టాప్ మరొకరి మాట. పైగా ఇద్దరూ తమ పేరు 192.168.1.1 అనే చెప్పొచ్చు. లోపలి వాడకానికని 1994లో కేటాయించిన వరుసల్లో 192.168 ఒకటి. ఊరూరా రామాలయం ఉన్నట్టు ఇంటింటా ఉండొచ్చు గానీ, ఒకే గుమ్మంలో రెండుంటే దండం ఎవరికి చేరాలి? రెండు వాన్ పోర్టుల రూటరు పెట్టి, దాన్ని 192.168.50.1కి, కంపెనీ డబ్బాల్లో ఒకదాన్ని ఇంకో వరుసకి మార్చుకుంటే సరి.

“పోయినా” అన్నది మరీ లోతైన మాట. వీధి చివర ఫైబరు తెగినా, గోడమీది ఓఎన్‌టీ (ఫైబరు వచ్చి దిగే కంపెనీ డబ్బా) నుంచి రూటరు దాకా ఉన్న గజం తీగ నిక్షేపంగా ఉంటుంది. ఓఎన్‌టీ మీద ఎర్రదీపం మిణుకుతున్నా రూటరు “లైనుంది” అనే అనుకోవచ్చు. అందుకే కొన్ని సెకన్లకోసారి 8.8.8.8 లాంటి బయటి చిరునామాను పలకరించి, బదులు రాకపోతే రెండోదానికి మారమని సెట్టింగుల్లో రాయాలి.

పూర్వపక్షం: ఇక “లాగేస్తుంది” అంటే, నూరూ నూరూ కలిస్తే 200 ఎంబీపీఎస్ కదా? కాదు. ఇది జోడెడ్ల బండి కాదు, రెండు బండ్లు. అమ్మాయి సినిమా ఒకదాంట్లో, అబ్బాయి ఆట ఇంకోదాంట్లో వెళ్లొచ్చు. ఒక్క ఫైలు డౌన్‌లోడు మాత్రం సాధారణంగా ఒక్క బండే ఎక్కుతుంది. లాగిన్ ఒక లైనులో, తర్వాతి నొక్కు మరో లైనులో వెళ్తే కొన్ని బ్యాంకు సైట్లు దొంగనుకుని గెంటేస్తాయి కూడా. కాబట్టి ఒకటి పనిచేస్తుంటే రెండోది అరుగుమీద కూర్చుని ఉండాలని వ్యాఖ్యాత మతం. మారే క్షణాన వీడియో కాల్ బిగుసుకుపోయి మళ్లీ కలుస్తుంది. ఆ మాత్రం ఓర్చుకోవాలి.

తాత్పర్యం: ఒక లైనుకు ఆపదొస్తే ఇంకోటి ఆదుకుంటుందని భావం.

విశేషం: “రెండు” అన్న సంఖ్యలో శ్లేష ఉంది. తీగలు రెండూ వీధిలో ఒకే కరెంటు స్తంభానికి వేలాడుతున్నాయి. ఇంట్లో రెండు ఓఎన్‌టీలూ రూటరూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. ఇలాంటి డబ్బాలకు 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు అమ్ముతారు, ఈ ఇంట్లో ఇంకా కొనలేదు. ప్రస్తుతం ఆ బోర్డులోనే ఇస్త్రీపెట్టెకు చోటు వెతుకుతున్నారు.