27 కన్న 23 మిన్న!

ఉన్నత పాఠశాలలో శాతముల లెక్కలను బోధించు అయ్యవారికి, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ప్రసాదించిన గణితజ్ఞానము ఏ పాఠ్యపుస్తకమునందును కానరానిది. 2019 జూలై మొదలుకొని 27 శాతము మధ్యంతర భృతిని పొందుచు, అసలు సవరణ ఇంకెంత ఘనముగా నుండునోయని ఊహాసౌధములు కట్టుకొనిన ఆ పంతులుగారికి, పదకొండవ వేతన సవరణ పేరిట దక్కిన ఫిట్‌మెంటు 23 శాతము. వేచియుండుటకు ఇచ్చినదానికన్న, వేచినందుకు ఇచ్చినది తక్కువ యగుటయే ఇందలి చమత్కారము! ఏనాడో పెరిగిన ధరలకై ఇయ్యవలసిన కరవు భత్యములను కలిపి చూచుకొనిన మొత్తము తగ్గదు గదాయని ఏలినవారు సెలవిచ్చిరి. ఇంటి అద్దె భత్యమునందును కోత విధింపబూని, ఫిబ్రవరి 3న బెజవాడ వీధులు ఉద్యోగోపాధ్యాయులతో నిండిన పిమ్మట కొంత సడలించిరి.

కందిపప్పు అమ్ము కొట్టువాడును, ఇంటి యజమానియు మాత్రము ఈ నూతన గణితమును ఇంకను అభ్యసింపలేదు; సవరించుట యనగా పెంచుటయే యని వారి పాత చదువు. వారికొక శిక్షణ తరగతి నడుపుట అవశ్యకర్తవ్యము. బోధింపవలసినది ఎవరందురా? సెలవుదినములలో, భత్యము లేకుండ, ఆ అయ్యవారే!