తోడల్లుడి రూటు మ్యాపు

మా తోడల్లుడుగారికి విశాఖపట్నంలో వీధుల పేర్లు తెలియవు. ఎత్తుపల్లాలు తెలుసు. సాగర్‌నగర్‌లో గృహప్రవేశం ఉంది, దారి చెప్పండి అన్నయ్యా అని ఫోన్ చేస్తే, "కైలాసగిరి కింద ఎక్కుడు వస్తుంది తమ్ముడూ, అక్కడ ఊపిరి దాచుకో. తర్వాత దిగుడు. దిగుడే కదాని తొందరపడ్డావో, మోకాళ్లు పోతాయి" అంటారు. నేను వెళ్లేది కారులో. ఆ మాట రెండుసార్లు చెప్పినా ఆయన చెవికెక్కదు. కారుకి ఎక్కుడేమిటి, దిగుడేమిటి, అలాంటి ప్రయాణం ఒక ప్రయాణమా అని ఆయన ఉద్దేశం.

యాభై దాటాక ఒకరోజు డాక్టరుగారు షుగరు సరిహద్దులో ఉంది, రోజూ కాస్త నడవండి అన్నారు. ఈయన పరుగు అందుకున్నారు. అప్పట్నుంచి మా మామగారు ఏ విషయం ఎత్తుకున్నా చివరికి పెద్దల్లుడి దగ్గరికే వచ్చి ఆగుతారు. పెద్దల్లుడు పొద్దున్నే ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాడు, చిన్నల్లుడు మొదటి అంతస్తుకి లిఫ్టు కోసం నిలబడ్డాడు. నేనిది రాయడానికి అసలు కారణం ఇదేనని మీకు అనిపిస్తే, నేను కాదనను.

పొద్దున్న బీచ్ రోడ్డు మీద కాసేపు వాహనాలు ఆపేస్తారు. ఆ కాసేపూ ఆ రోడ్డు అన్నయ్యగారి సొంతం. కురుసుర జలాంతర్గామి దగ్గర మొదలుపెడతారు. అది 1969 నుంచి నౌకాదళంలో పనిచేసి 2001లో రిటైరైంది, మరుసటేడు ఇసుకలో మ్యూజియమై కూర్చుంది. దాని ముందు కాళ్లు సాగదీస్తూ, "చూశావా తమ్ముడూ, ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసుకే కూలబడింది. నాది ముప్ఫై నాలుగో ఏడు" అంటారు రోజూ. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదకి కొట్టుకొచ్చింది. ఊరంతా వెళ్లి సెల్ఫీలు దిగింది. ఈయనకి మాత్రం వెనక్కి తిరగడానికి ఒక గుర్తు దొరికింది. జలాంతర్గామి నుంచి ఓడ దాకా, ఓడ నుంచి జలాంతర్గామి దాకా. ఆ ఓడని హోటలు చేస్తారన్న మాట వినపడగానే ముఖం మాడ్చుకున్నారు, అక్కడ జనం చేరితే తన లెక్క చెడుతుందని.

టైము గురించి అడక్కండి. అడిగితే ముందు ఉక్కపోత గురించి వినాలి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, చల్లబడకపోతే గుండె ఎక్కువ చాకిరీ చేస్తుంది, కాబట్టి విశాఖలో పరిగెత్తినవాడి టైముని హైదరాబాదు వాడి టైముతో పోల్చడం అన్యాయం. ఇందులో శాస్త్రం సరైనదే. కానీ దీన్ని పెళ్లి భోజనాల బంతిలో, సాంబారు వడ్డించే కుర్రాణ్ణి ఆపి మరీ చెప్పడమే ఇబ్బంది. "వాళ్లకి ఎక్కుళ్లంటే ఫ్లైఓవర్లు! మనకి తూర్పు కనుమలు!" అంటూ ఆయన చెయ్యి ఊపితే అప్పడం పక్కాయన విస్తట్లో పడింది.

చేతి వాచీది ఇంకో కథ. ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య గుండ్రంగా తిరుగుతూ కనిపించారు. బనీను తడిసి ముద్దయింది. వాచ్‌మన్ కుర్చీ ఎత్తి పక్కకి పెట్టి దారి ఇస్తున్నాడు, అలవాటైన పనిలా. ఏమైందని అడిగాను. "గేటు దగ్గరికి వచ్చేసరికి ఇరవై పాయింటు తొమ్మిదయింది" అన్నారు రొప్పుతూ. హాఫ్ మారథాన్ అంటే ఇరవై ఒకటి పాయింటు ఒకటి కదా. ఆ రెండువందల మీటర్ల బాకీ ఆయన సెల్లారులో తీరుస్తున్నారు. వాచీ పిట్టలా కూసింది. అప్పుడు నన్ను చూసి, "ఎప్పుడొచ్చావు తమ్ముడూ?" అన్నారు.

కంబాలకొండ అంటే మాత్రం గొంతు తగ్గిస్తారు. హైవేకి ఒకవైపు జూ, మరోవైపు దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి. అందులో చిరుతలున్నాయి. గేటు తీసే వేళకి వెళ్లి, టిక్కెట్టు కొని, లోపల పరుగు తగ్గించి నడుస్తారు. చిరుతకి భయపడి కాదట, దాన్ని కంగారు పెట్టకూడదని. చిరుత కంటపడకపోవడానికి కారణం మా ఆవిడ కనిపెట్టింది: దానికి కూడా ఆయన తన గుండె వేగం లెక్కలు చెబుతారేమోనన్న భయం.

ఇక సింహాచలం. ఆషాఢ పౌర్ణమి ముందురోజు, కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన లక్షల జనం రాత్రంతా నడుస్తారు. మా అత్తగారు ఏటా వెళ్తారు, చెప్పుల్లేకుండా, చేతిలో గుడ్డసంచీతో. ఒక ఏడు పెద్దల్లుడుగారు తోడు బయల్దేరారు. ఎక్కడ ఎంత వేగం, ఎక్కడ ఎన్ని గుటకల నీళ్లు అని ముందే కాగితం మీద రాసుకున్నారు. నడుముకి బెల్టు, బెల్టుకి మామిడిపండు రుచి జెల్ ప్యాకెట్లు. దారి పొడుగునా స్వచ్ఛందంగా పందిళ్లు వేసి, పులిహోర, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు పెట్టి చెయ్యి పట్టుకుని మరీ ఆపుతుంటే, ఈయన వద్దు వద్దంటూ జెల్ చప్పరించారు. హనుమంతవాక దగ్గర అత్తగారికి కూడా ఒకటి ఇచ్చారు. పెద్దల్లుడు ఇచ్చింది కాదనకూడదని ఆవిడ పుచ్చుకున్నారు.

మా ఇల్లు మాధవధారలో. మజ్జిగ పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ముందు అత్తగారు కనిపించారు. వెనకాల పెద్దల్లుడుగారు, డివైడరు మీద కూలబడి, పిక్క పట్టేసి, పళ్లు బిగించి. ఆవిడ సంచీలోంచి ఆ జెల్ ప్యాకెట్టు తీసి నా చేతిలో పెట్టారు. "కాస్త రాయండి బాబూ. ఇందాక నా మోకాలికి రాసుకున్నాను, ఇట్టే తగ్గిపోయింది. ఏం మందో గానీ వాసన కూడా బాగుంది."

అది మందు కాదని ఆయన చెప్పాలి. చెబితే అత్తగారు చిన్నబుచ్చుకుంటారు. చెప్పకపోతే నేను రాస్తాను. ఆయన చెప్పలేదు. నేను రాశాను, ప్యాకెట్టు ఖాళీ అయ్యేదాకా, పిక్క పైనుంచి కిందికి, శ్రద్ధగా. మామగారి ఇంట్లో ఇన్నేళ్లుగా విన్న మాటలన్నీ ఆ మర్దనాలో దిగిపోయాయి. "అల్లుడుగారూ, మీరు నిదానంగా రండి" అని అత్తగారు సింహాచలం అప్పన్నని తలుచుకుంటూ ముందుకి సాగిపోయారు.

ఆయన గోపాలపట్నం దాకా కుంటి, అక్కణ్నుంచి సందుల్లోంచి తిప్పి తీసుకెళ్లే ఆటో ఒకటి ఎక్కారు. వాచీ ఆపడం మరిచిపోయారు. చివరి దూరం గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినట్టు యాప్‌లో పడింది. తోటి పరుగువీరులంతా లైకులు కొట్టారు. ఇప్పటికీ ఆయన దాన్ని తీసెయ్యలేదు.

అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఈ ఊరు ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. కైలాసగిరి మెలికల్లో 2014 హుద్‌హుద్ తుపానుకి ముందు ఎక్కడ నీడ ఉండేదో ఆయన ఇవాళ్టికీ వేలు పెట్టి చూపిస్తారు, పడిపోయిన చెట్టు ఏ రకమో కూడా చెబుతారు. జాలరిపేట కుక్కలు ఆయన్ని చూసి మొరగవు. తొట్లకొండ అనే బౌద్ధ క్షేత్రం ఉందని కాలేజీ రోజుల నుంచీ వింటున్నా, నన్ను అక్కడికి ఎక్కించింది ఆయనే. స్తూపాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద భీమిలి దాకా సముద్రం. నేను ఆయాసపడుతూ కూర్చుంటే ఆయన విహారం గదుల కేసి చూసి, "రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ భిక్షువులుండేవారు. భిక్షకి రోజూ దిగడం, మళ్లీ ఎక్కడం! వాళ్ల గుండె ఎంత గట్టిగా ఉండేదో కదా తమ్ముడూ" అన్నారు. బుద్ధుణ్ణి ఈ వైపునుంచి తలుచుకున్నవాళ్లు తక్కువమంది ఉంటారు.

మొన్న బెజవాడ నుంచి వచ్చిన మేనమామగారు రుషికొండకి దారి అడిగితే, నా నోటినుంచి "సాగర్‌నగర్ దాటాక చిన్న ఎక్కుడు వస్తుంది" అని వచ్చేసింది. మా ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. నేను మాట మార్చాను.

విశాఖ వచ్చే బంధుమిత్రులకి ఒక మనవి. బీచ్‌కి దగ్గరని ఎంవీపీ కాలనీలో ఆయనింట్లో దిగుతారు, దిగండి, అక్కయ్యగారి చేతి పెసరట్టు వదులుకోవద్దు. కానీ పడుకునే ముందు గది తలుపుకి లోపల గడియ పెట్టుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకి తలుపు కొట్టేది పాలవాడు కాదు. "లేచావా తమ్ముడూ, చిన్న రౌండే" అన్న మాట వినపడితే కదలకండి. ఆ చిన్న రౌండు భీమిలి దాకా ఉంటుంది.