దొర్లిన రాయి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెరికాలో క్రాఫ్ట్ బీరు కాచేవాళ్లలో కొందరికి రెండో సగమే వినబడుతుంది. ఊళ్లో నాలుగు బార్లలో పేరొస్తే చాలు, గోడకు ప్రపంచపటం వేలాడుతుంది.

కాలిఫోర్నియా ‘స్టోన్’ బ్రూయింగ్‌నే చూడండి. 2014లో బెర్లిన్‌లో బ్రూవరీ పెడుతున్నామని చాటుతూ, యూరప్ ఫ్యాక్టరీ బీర్ల మీద నిజంగానే ఓ బండరాయిని ధబేలుమని పడేశారు. జర్మన్లకు బీరు పాఠం! తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. 2016లో తలుపులు తెరిచారు. 2019లో ఆ బ్రూవరీని స్కాట్లాండ్ బీరు కంపెనీ ‘బ్రూడాగ్’కు అమ్మేసి ఇంటిదారి పట్టారు. 2022లో ఆ ఇంటినే, అంటే స్టోన్ కంపెనీనే, జపాన్ బీరు కంపెనీ ‘సపోరో’ కొనేసింది. రచ్చ గెలవలేదు సరే, ఇల్లూ చేతులు మారింది!

విస్కాన్సిన్‌లోని ‘న్యూ గ్లారస్’ది వేరే దారి. 1993లో పుట్టిన ఈ బ్రూవరీ చాలా ఏళ్లుగా సొంత రాష్ట్రం గీత దాటి సీసా అమ్మదు. వాళ్ల ‘స్పాటెడ్ కౌ’, అదే మచ్చలావు, కావాలంటే పొరుగు రాష్ట్రాలవాళ్లు డిక్కీ ఖాళీ చేసుకుని రావాల్సిందే. రవాణా ఖర్చు తాగేవాడిది, లాభం కాచేవాడిది!

ఈ కిటుకు మన తాటికల్లుకు ఎప్పుడో తెలుసు. పొద్దున చెట్టు దిగితే సాయంత్రానికి పులుపెక్కుతుంది కనుక పొలిమేర దాటే ఆశే పెట్టుకోదు.

అన్నట్టు, కన్నడంలో కల్లంటే రాయి. కదలకుంటే మైలురాయి, దొర్లితే గులకరాయి!